పెళ్లికి పాత రీలు, ఇంట్లో కొత్త రీలు

ఇన్నాళ్లూ ఒకటే రకం ఫిలిం వాడారు. నాన్నగారి పాత యాషికాలోనో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెంటాక్స్‌లోనో కొడాక్ గోల్డ్ 200 వేసుకుని హాయిగా తీసుకుంటున్నారు. ఇంతలో ఎవరో ఎక్టార్ 100తో తీసిన ఫోటో చూపించారు. ఆ ఎరుపూ ఆ నీలమూ చూశాక మనసు ఊరుకోలేదు. ఓ రీలు తెప్పించేశారు. డబ్బా చేతిలో ఉంది. ఇప్పుడేం చేస్తారు?

చాలామంది చేసేది ఒకటే. "ఖరీదైన రీలు, మామూలు రోజున వాడితే దండగ" అనుకుని దాచిపెడతారు. చెల్లెలి పెళ్లి వస్తుంది, లేదా అరకు ప్రయాణం తగులుతుంది. ఆ రోజు తీసి కెమెరాలో వేస్తారు. తర్వాత ల్యాబ్ నుంచి ఫోటోలు వచ్చాక చూస్తే పెళ్లికూతురి ముఖం కందిపోయినట్టు ఎర్రగా ఉంటుంది, మండపం లోపలంతా బురద రంగు. "ఈ ఫిలిం బాగాలేదు" అని తీర్పు చెప్పేసి మళ్లీ పాత రీలుకే వెళ్లిపోతారు. నిజంగా ఫిలిం బాగాలేదా? ఆ రోజు వెలుగు కొత్తది, చోటు కొత్తది, హడావుడి ఎక్కువ, పైగా రీలూ కొత్తదే. తప్పు దేనిదో ఎలా తేలుతుంది?

పెళ్లి వంటకు వచ్చిన వంటాయన కొత్త బియ్యం బస్తా విప్పితే నేరుగా గుండిగ ఎక్కించడు. ముందు గుప్పెడు వండి, నీళ్లు ఎన్ని పడతాయో చూసుకుంటాడు. మీ తొలి రీలు ఆ గుప్పెడు బియ్యం. అది ఫోటోల కోసం కాదు, ఫిలిం స్వభావం తెలుసుకోవడం కోసం.

ఈ అధ్యాయం మొత్తానికి సూత్రం ఒక్కటే: కొత్త రీలు వేసినప్పుడు కొత్తది ఆ రీలు ఒక్కటే కావాలి. కెమెరా, లెన్స్, ల్యాబ్, వెలుగు, ఎదుట పెట్టే వస్తువులు అన్నీ మీకు బాగా తెలిసినవే ఉండాలి. అప్పుడు తేడా ఏదొచ్చినా అది ఫిలిం తెచ్చిన తేడాయే.

ముందు డబ్బా చదవండి

1. ఏ పద్ధతిలో కడుగుతారో చూడండి. డబ్బా మీద సి-41 అని ఉంటే అది మామూలు కలర్ నెగటివ్. ఫిలిం కడిగే ల్యాబుల్లో ఎక్కువ భాగం చేసేది ఇదే. ఈ-6 అని ఉంటే స్లైడ్ ఫిలిం. ఫ్యూజీ వెల్వియా, కొడాక్ ఎక్టాక్రోమ్ ఈ జాతివి. స్లైడ్ ఫిలిం అన్ని ల్యాబులూ కడగవు. కాబట్టి కొనేముందే అడిగి తెలుసుకోండి. ఈసీఎన్-2 అని ఉంటే అది సినిమా ఫిలిం. పెద్ద చుట్టలోంచి కత్తిరించి 36 ఫ్రేముల చొప్పున చిన్న డబ్బాల్లో చుట్టి అమ్ముతుంటారు. దాని వెనక నల్లటి పూత ఉండొచ్చు. అలాంటిది చెప్పకుండా సి-41 ల్యాబుకు ఇచ్చారనుకోండి, ఆ పూత కరిగి రసాయనాలు పాడవుతాయి, మీ రీలుతోపాటు పక్కవాళ్ల రీళ్లూ పాడవుతాయి. సినిస్టిల్ 800టి కూడా పుట్టుకతో సినిమా ఫిలిమే. కానీ పూత ముందే తీసేసి అమ్ముతారు కనుక సి-41లో కడగొచ్చు. ఆ పూత లేకపోవడం వల్లే రాత్రిపూట వీధి దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. అది లోపం కాదు, ఆ ఫిలిం గుణం.

తాతగారి ట్రంకుపెట్టెలో కోడాక్రోమ్ రీలు దొరికిందా? దాచుకోండి, వాడకండి. దాని పద్ధతే వేరు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే ఊళ్లో ఉన్న చివరి ల్యాబ్ 2010తో ఆ రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు వాటిని రంగుల్లో కడిగించుకునే ల్యాబు దొరకడం కష్టం.

2. ఐఎస్ఓ ఎంత? ఫిలిం డబ్బా మీద వెండి, నలుపు గళ్లు కనిపిస్తాయి చూడండి. అదే డీఎక్స్ కోడ్. 1980ల మధ్య నుంచి వచ్చిన చాలా ఆటోమేటిక్ కెమెరాలు దాన్ని తాకి చూసి ఐఎస్ఓ తెలుసుకుంటాయి. చేత్తో చుట్టి అమ్మే రీళ్లకు ఈ గళ్లు ఉండకపోవచ్చు. అప్పుడు చాలా కెమెరాలు 100 అనుకుని పని కానిచ్చేస్తాయి. మీరు వేసింది 500 అయితే? డయల్ ఉన్న కెమెరా అయితే మీరే తిప్పుకోవచ్చు. లేకపోతే గళ్లు ఉన్న రీలే కొనండి.

3. ఏ వెలుగు కోసం తయారైంది? ఎక్కువ రీళ్లు పగటి వెలుగుకు తయారైనవి. సినిస్టిల్ 800టిలో ఆ 'టి' అక్షరం టంగ్‌స్టన్ బల్బుల వెలుగుకు గుర్తు. దాన్ని ఫిల్టర్ లేకుండా మిట్టమధ్యాహ్నం వాడితే ఊరంతా నీలంగా వస్తుంది. 85బి అనే కాషాయం ఫిల్టర్ తగిలిస్తే సర్దుకుంటుంది.

రీలు ఎక్కించే ముందు

4. ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ తొందరపడి విప్పకండి. మన ఎండాకాలంలో అలమారలో పెట్టిన రీలు కూడా వేడికి మెల్లగా రంగు మారుతుంది. కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇక చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకు దూరంగా, జిప్ కవరులో ఉంచండి. వాడే రోజున బయటికి తీసి గంట, గంటన్నర మూత విప్పకుండా వదిలేయండి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. చల్లటి రీలు వెంటనే విప్పితే దాని మీద నీటి తడి పడుతుంది.

అమెరికా నుంచి వస్తున్న అన్నయ్యతో రీళ్లు తెప్పించుకుంటున్నారా? "అన్నయ్యా, చెకిన్ సూట్‌కేసులో మాత్రం పెట్టకు, చేతిసంచిలోనే ఉంచుకో. స్కానర్‌లో వెయ్యకుండా చేత్తో చూడమని అడుగు" అని ముందే చెప్పండి. పెద్ద సామాను చూసే స్కానర్లు ఫిలింను మసకబారుస్తాయి. కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లతో చేతిసంచికీ ఆ ప్రమాదం ఉంది.

5. కెమెరా ఆరోగ్యం చూసుకోండి. వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది. వేలితో తాకండి. జిగురుగా అంటుకుంటోందా, పొడిపొడిగా రాలుతోందా? అయితే అక్కడినుంచి వెలుగు దూరుతోంది. నెగటివ్‌లో ఎరుపుకు స్పందించే పొర వెనక వైపు ఉంటుంది కనుక ఆ వెలుగు ఫోటోలో ఎర్రటి చారగా కనిపిస్తుంది. మీరేమో కొత్త ఫిలిం ఎర్రగా వస్తోందని చెప్పుకుని తిరుగుతారు. ముందు స్పాంజి మార్పించండి.

మీటర్ కూడా ఓసారి పరీక్షించండి. మబ్బు లేని ఎండలో ఐఎస్ఓ 200 పెట్టి, ఎండ పడుతున్న పచ్చగడ్డి వైపు చూడండి. ఎఫ్/16 దగ్గర షట్టర్ 1/250 చుట్టుపక్కల చూపిస్తే మీటర్ బాగున్నట్టే. ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్‌ను ఐఎస్ఓ సంఖ్యకు దగ్గరగా పెట్టాలన్న పాత లెక్క ఇది. మీటర్ లేని రోజుల్లో ఈ లెక్కతోనే పని జరిగేది.

6. ఎక్కించాక కుడి చేయి ఎడమ చేయి రెండూ గమనించాలి. రీలు నీడలో ఎక్కించండి. తలుపు మూసి, కుడివైపు లీవర్ తిప్పుతూ ఎడమవైపు రివైండ్ నాబ్ చూడండి. అది వెనక్కి తిరుగుతోందా? తిరుగుతుంటే రీలు కదులుతోంది. తిరగకపోతే రీలు సరిగ్గా పట్టుకోలేదన్నమాట, తలుపు తీసి మళ్లీ ఎక్కించండి. ఇది చూసుకోకుండా 36 క్లిక్కులూ నొక్కి చివరికి ఖాళీ రీలు కడిగించినవాళ్లు ఎంతమందో!

36 ఫ్రేముల లెక్క

7. ఇంట్లోనే ఓ రంగుల బల్ల సిద్ధం చేయండి. బజారులో అమ్మే కలర్ చార్టే అక్కర్లేదు. ఓ కొండపల్లి బొమ్మ పెట్టండి. పక్కన రెండు చిన్న గిన్నెల్లో పసుపు, కుంకుమ. నాలుగు మామిడాకులు. మడతలు పెట్టిన తెల్ల పంచె, సగం తెరిచిన నల్ల గొడుగు. ఇవే ఎందుకు? కుంకుమ ఇటుక రంగులోకి దిగిపోతుందో, మండిపోతుందో చూడాలి. పసుపు నిమ్మపండు వైపు పోతుందో, నారింజ వైపు పోతుందో చూడాలి. పంచె మడతలు కనిపిస్తే ఎక్కువ వెలుగును ఫిలిం తట్టుకున్నట్టు. గొడుగు ఊచల మధ్య గుడ్డ నేత కనిపిస్తే చీకట్లోనూ వివరం పట్టినట్టు. ఈ బల్ల ఒక్కసారి అలవాటైతే ఇకమీదట ఏ రీలు వచ్చినా ఇదే మీ పరీక్ష.

8. నాలుగు వెలుగులు, ఒక్కోదానికి నాలుగు ఫ్రేములు. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు ఎండ, వరండా నీడ, రాత్రి ఇంట్లో దీపం. ఒక్కో వెలుగులో ఒక స్టాప్ తక్కువ, సరిగ్గా మీటర్ చెప్పినంత, ఒక స్టాప్ ఎక్కువ, రెండు స్టాపులు ఎక్కువ. మొత్తం 16 ఫ్రేములు. ఆటో కెమెరా అయితే ఐఎస్ఓ డయల్ తిప్పితే సరిపోతుంది: 200 రీలుకు డయల్ 400 మీద పెడితే ఒక స్టాప్ తక్కువ, 100 మీద పెడితే ఒకటి ఎక్కువ, 50 మీద పెడితే రెండు ఎక్కువ. అయిపోయాక డయల్ మళ్లీ 200కు తేవడం మరవకండి. కాగితం మీద "+1", "నీడ" అని లావుగా రాసి బల్ల మీద పెట్టి తీయండి. రేపు నెగటివ్ చూసినప్పుడు ఏది ఏదో అదే చెబుతుంది.

స్లైడ్ ఫిలిం అయితే అరస్టాపు చొప్పున జరగండి. నెగటివ్ రెండు స్టాపులు ఎక్కువైనా సాధారణంగా ఓర్చుకుంటుంది, తక్కువైతేనే అలుగుతుంది. స్లైడ్ అలా కాదు, ఎక్కువైతే తెలుపు తెల్లగా ఎగిరిపోతుంది, తిరిగి రాదు.

9. ఆరు ఫ్రేములు మనుషులకు. బొమ్మలు ఎంత బాగా వచ్చినా చివరికి మనం తీసేది మనుషులనే. ఇంట్లో వేర్వేరు ఒంటి ఛాయలున్న ఇద్దరిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. "అత్తయ్యా, ఒక్క నిమిషం, చీర మార్చుకోనక్కర్లేదు, ఉన్నట్టే కూర్చోండి" అంటే చాలు. ఎక్టార్ లాంటి గాఢమైన రంగుల ఫిలిం చీరకు అందం తెస్తుంది, బుగ్గలను మాత్రం ఎరుపు చేయొచ్చు. పోర్‌ట్రా 400 ముఖాల కోసమే మెత్తగా తయారుచేసిన ఫిలిం, అందులో చీర రంగు కాస్త తగ్గినట్టు అనిపించొచ్చు. మీకేది కావాలి? ఆ జవాబు ఈ ఆరు ఫ్రేముల్లో దొరుకుతుంది.

10. మిగిలిన 14 మీ ఇష్టం. వీధిలోకి వెళ్లండి, పూలకొట్టు తీయండి, సాయంత్రం ఆకాశం తీయండి. కొత్త రీలు సరదా పూర్తిగా చంపుకోనక్కర్లేదు. అయితే ప్రతి క్లిక్కుకూ ఒక వాక్యం రాసుకోండి: ఫ్రేము సంఖ్య, వెలుగు, అపర్చర్, షట్టర్. ఫోన్‌లో రాసినా పరవాలేదు. "గుర్తుంటుందిలే" అనుకున్నారా? నాలుగు రోజులు పోతే 19వ ఫ్రేము ఎండలోదో మబ్బులోదో మీరే చెప్పలేరు.

ల్యాబ్‌లో మాట్లాడాల్సిన మాట

11. వెంటనే కడిగించండి, అలవాటైన చోటే కడిగించండి. తీసిన రీలును కెమెరాలోనే నెలల తరబడి వదిలేస్తే రంగులు దెబ్బతింటాయి. సి-41లో డెవలపర్ ఉండాల్సిన వేడి 37.8 డిగ్రీలు, మామూలుగా సమయం 3 నిమిషాల 15 సెకన్లు. ఈ లెక్క తప్పితే ఏ ఫిలిమైనా రంగు తప్పుతుంది. అందుకే ఇప్పటిదాకా మీకు నమ్మకంగా చేస్తున్న ల్యాబుకే ఇవ్వండి. కొత్త రీలు, కొత్త ల్యాబ్ ఒకేసారి వద్దు.

12. స్కాన్‌లో దిద్దుబాటు ఆపమనండి. ఇది చాలామందికి తోచని విషయం. స్కానర్ ప్రతి ఫ్రేమునూ తనకు తోచినట్టు వెలుతురు పెంచి, రంగు సరిచేసి ఇస్తుంది. మీరు కష్టపడి తీసిన నాలుగు ఫ్రేములూ ఒకేలా కనిపిస్తాయి. "అన్నా, ఇది టెస్ట్ రీలు. మీటర్ ప్రకారం తీసిన ఫ్రేముకు సరిపడా సెట్టింగ్ పెట్టి, అన్ని ఫ్రేములూ దానిమీదే స్కాన్ చెయ్యి. ఆటో కరెక్షన్ వద్దు. నెగటివ్ తప్పకుండా తిరిగివ్వు" అని చెప్పండి.

13. స్కాన్‌ల కంటే ముందు నెగటివ్ చూడండి. తెల్లటి ఫోన్ స్క్రీన్ మీదో, కిటికీకి ఎదురుగానో పట్టుకోండి. పల్చగా, లోపల ఏమీ లేనట్టున్న ఫ్రేముకు వెలుగు చాలలేదు. చిక్కగా ఉన్నదానికి వెలుగు ఎక్కువైంది. ఇక అంచులు చూడండి. అక్కడ ఫిలిం పేరు, ఫ్రేము సంఖ్యలు ఉంటాయి. అవి ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రించినవి, కడిగాకే బయటపడతాయి. ఫ్రేములు ఖాళీగా ఉండి అంచు అక్షరాలు స్పష్టంగా ఉంటే కడగడంలో తప్పు లేదు, కెమెరాలోనో రీలు ఎక్కించడంలోనో ఉంది. అంచు అక్షరాలు కూడా లేకపోతే తేడా కడగడంలో జరిగింది. ఎవరితోనూ గొడవ పడకుండా తప్పు ఎక్కడుందో తేల్చే సాక్ష్యం ఇది.

తరచుగా జరిగే పొరపాట్లు

దీపం చేసిన తప్పు ఫిలిం మీద వేయడం. ఇద్దరు స్నేహితులు ఒకే రకం రీలు కొన్నారనుకుందాం. ఒకాయన "పచ్చగా వస్తుంది" అంటాడు, రెండో ఆయన "అబ్బే, బంగారంలా వస్తుంది" అంటాడు. విచారిస్తే మొదటాయన హాల్లో ట్యూబ్‌లైట్ కింద తీశాడు, రెండో ఆయన సాయంత్రపు ఎండలో. పగటి ఫిలింకు ట్యూబ్‌లైట్ పచ్చగా, పాత పసుపు బల్బు నారింజగా కనిపిస్తాయి. రాత్రి దీపంలో తీసిన నాలుగు ఫ్రేములు చూసి ఫిలింకు మార్కులు వేయకండి. ఆ దీపం కింద అది ఎలా ఉంటుందో తెలుసుకుని వదిలేయండి.

తెల్ల పంచె చేతిలో మోసపోవడం. మామగారు తెల్ల పంచె, తెల్ల చొక్కాలో సున్నం గోడ ముందు నిలబడ్డారు. మీటర్‌కు అంతా తెలుపే కనిపించి, వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. ఫలితం: పంచె బూడిద రంగు, ముఖం నలుపు. ఇలాంటప్పుడు ఒక స్టాప్, అవసరమైతే ఒకటిన్నర ఎక్కువ ఇవ్వండి. లేదా దగ్గరికి వెళ్లి అదే వెలుగులో ఉన్న పచ్చని ఆకుల మీద మీటర్ చూసుకుని వెనక్కి రండి.

ఇంటర్నెట్ ఫోటోతో పోల్చుకోవడం. మీరు మనసు పారేసుకున్న ఆ ఫోటో ఏ లెన్స్‌తో తీశారో, స్కాన్ అయ్యాక ఎంత దిద్దారో మీకు తెలియదు. పోలిక మీ పాత రీలుతో పెట్టండి. వీలైతే అదే బల్లను అదే వెలుగులో పాత ఫిలింతోనూ తీయండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

వెంటవెంటనే రీళ్లు మార్చడం. ఈ నెల ఎక్టార్, వచ్చే నెల సినిస్టిల్, ఆపై 2023 డిసెంబరులో వచ్చిన హార్మన్ ఫీనిక్స్. దేనితోనూ స్నేహం కుదరదు. గంగను, కలకత్తాను రంగుల్లో చూపించిన ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ ఏళ్లపాటు కోడాక్రోమ్‌తో పనిచేశారు. ఆ ఫిలిం ఏ వెలుగులో ఏం చేస్తుందో తెలిసినవాళ్లకు క్లిక్కు ముందే ఫోటో తెలుస్తుంది.

ఇక మీ నిర్ణయం

నాలుగు ఫ్రేముల వరసలు ముందు పరిచి చూడండి. పంచె మడతలు పోకుండా, గొడుగులో నేత కనిపిస్తూ, కుంకుమ కుంకుమలాగే ఉన్న ఫ్రేము ఏది? 200 రీలులో మీకు నచ్చింది ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చినదైతే, ఇకమీదట ఆ ఫిలిం వేసిన ప్రతిసారీ డయల్ 100 మీద పెట్టండి. డబ్బా మీద సంఖ్య కంపెనీది. మీ కెమెరాకు, మీ ల్యాబుకు, మీ కంటికి సరిపడేది ఈ సంఖ్య. డబ్బా మీదే రాసిపెట్టుకోండి.

తర్వాత అదే ఫిలిం రెండో రీలు కొనండి. ఈసారి బల్లలు, కాగితాలు వద్దు, మామూలుగా మీకు నచ్చినట్టు తీయండి. అది కడిగించి వచ్చాక మీకు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఫిలింకు ఏ ఐఎస్ఓ పెట్టాలి? ఏ వెలుగులో ముఖాలు పాడవుతాయి? ఏ రంగును ఇది ఎక్కువ చేసి చూపిస్తుంది? నోటుపుస్తకం తెరవకుండా మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఇక ఏ వేడుకకైనా ధైర్యంగా తీసుకెళ్లండి. ఒకదానికి తడబడ్డారా? ఆ ఒక్క ప్రశ్న కోసం తర్వాతి రీలులో నాలుగు ఫ్రేములు కేటాయించండి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.